నాలుగు చెంబులకు మూడు

గుంటూరు,
జూన్ 20, 2025

ప్రియమైన సుభాకు,

ఫోనున్న కాలంలో ఉత్తరం వచ్చిందేమిటని కంగారుపడకు. ఇక్కడ అందరం క్షేమం. నాకే నీ దగ్గర నుంచి ఒక ఉత్తరం కావాలి, అందుకని రాస్తున్నాను.

పేపర్లో పదకొండేళ్లు ఆదివారం ఆదివారం రాసిన ‘ఇంటింటా విజ్ఞానం’ పుస్తకంగా వస్తోంది. రెండు వందల నలభై పేజీలు. మన ఉమ్మడి జిల్లాలో ఉన్న హైస్కూలు లైబ్రరీలన్నిటికీ వెళుతుంది. సెప్టెంబరు అయిదున, గురుపూజ రోజున ఆవిష్కరణ. పుస్తకం మొదట్లో ఒక పాఠకురాలి ఉత్తరం, ఆమె చేతిరాతతోనే అచ్చువేస్తే బాగుంటుందని ప్రచురణకర్త అన్నాడు. పాఠకులంటే నాకు చాలామంది ఉన్నారు. కానీ రాసింది రాసినట్టు ఇంట్లో ఆచరించిన మనిషి ఎవరంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. తమ్ముడి భార్యవని కాదు. నువ్వు కత్తిరించి అతికించుకున్న రూళ్ల పుస్తకాలు నేను కళ్లారా చూశాను.

కాబట్టి ఒక పేజీ రాసి పంపు. ఆ శీర్షిక మీ ఇంటిని ఎలా మార్చిందో రాయి. కొంచెం గొప్పగా రాసినా ఫరవాలేదు, నేనేమీ అనుకోను.

తేజస్వి బి.ఇడి. ఎలా సాగుతోంది? మేనత్త అడిగిందని చెప్పు.

ప్రమీల


రొంపిచెర్ల,
జూన్ 27, 2025

ప్రమీల వదినగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరాన్ని మీ తమ్ముడు వసారాలో నిలబడి, వీధిలోకి వినపడేలా రెండుసార్లు చదివారు. ఒక పేజీ సరిపోదు, అందుకని మూడు రాస్తున్నాను. మీకు కావలసినంత వరకు తీసుకోండి.

నా దగ్గర మీ శీర్షిక కత్తిరింపులు అయిదు వందల అరవై ఆరు ఉన్నాయి. మూడు ఆదివారాలు పేపరు రాలేదు, ఆ ఖాళీలు అలాగే ఉంచాను. అన్నిటినీ మైదా జిగురుతో అతికించి పక్కన తేదీ, కింద ‘చేశాను’ లేదా ‘చేయలేదు’ అని రాసుకున్నాను.

గ్రహణం రోజున వండుకుని తినవచ్చని మీరు రాశారు. తిన్నాం. అత్తయ్యగారు మా అందరి బదులు తానే పస్తున్నారు. దోమల కోసం ప్రతి శుక్రవారం ఇంట్లోని నీళ్ల పాత్రలన్నీ బోర్లించమన్నారు. బోర్లించాను. ఒక శుక్రవారం మీ తమ్ముడు ఒంటికి సబ్బు రాసుకున్నాక బకెట్టు ఖాళీగా ఉందని గమనించారు. వానపాముల ఎరువు తొట్టె పెట్టాను. మొదటి వానకే పాములన్నీ పక్కింటి గురవమ్మత్త దొడ్లోకి వెళ్లిపోయాయి. ఆవిడ గోడ మీంచి, “ఏమే సుభాషిణీ, మీ పాములు మా దొడ్లోకొచ్చినయ్. వచ్చి తోలుకపో” అంది. ఆ ఏడు ఆవిడ బీరపాదు చానా కాసింది. మాది కాయలేదు.

అన్నిటికంటే శ్రద్ధగా చేసింది మాత్రం నీళ్ల సంగతి. 2006 జూన్ 18, ఆదివారం. ఊళ్లో విరేచనాలు పట్టుకున్న రోజులు. ‘నీరు ఎంత మరిగితే అంత శుద్ధి’ అని మీరు రాశారు. ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నాను. ఎంత మరగాలో మీరు రాయలేదు. కషాయం నాలుగో వంతుకు దించుతారు కదా, నీళ్లకు మూడొంతులు చాలనుకున్నాను. స్టీలు తపేలాకు లోపల మేకుతో రెండు గీతలు గీశాను. పై గీత దాకా పోస్తే పదహారు చెంబులు, కింది గీతకు వస్తే పన్నెండు. నాలుగు చెంబులకు మూడు. అప్పటికి మా పెరట్లో బోరు పడి మూడేళ్లు. చెరువు నీళ్ల కోసం బిందె ఎత్తుకునే పని తప్పిందని సంతోషించాం. ఆ బోరు నీళ్లనే రోజూ కట్టెల పొయ్యి మీద పెట్టి, కింది గీత వచ్చేదాకా పొయ్యి దగ్గరే నిలబడేదాన్ని. గురవమ్మత్త చూసి, “నీళ్లక్కూడా పాకం పడతావంటే!” అని నవ్వేది. ఆవిడ చెరువు నీళ్లు గుడ్డలో వడగట్టి తాగేది. కాలువ వదిలినప్పుడు నిండే చెరువు, మీకు తెలిసిందే.

మా ఊరి జమాల్ మంచినీళ్ల ప్లాంటు పెట్టి ఇంటింటికి టిన్ను వేయడం మొదలుపెట్టేదాకా, అంటే తొమ్మిదేళ్లు, ఒక్క పూట మానలేదు. టిన్ను నీళ్లు కూడా మొదట్లో కాచాను. జమాల్ బాధపడ్డాడని మానేశాను.

తేజస్వి బాగుంది. వచ్చే నెల నుంచి బడిలో పాఠాలు చెప్పే శిక్షణ. దాని ఫొటో ఒకటి పంపుతున్నాను. మామూలుగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఒక్క సందేహం ఉంది వదినా. చారు పొయ్యి మీద మరిచిపోతే ఉప్పెక్కుతుంది. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు. మరి బోరు నీళ్లలో అసలే ఏదైనా కలిసి ఉంటే, నాలుగు చెంబులు మూడైనప్పుడు అది ఎటు పోతుంది? తీరికగా రాయండి.

సుభాషిణి


గుంటూరు,
జూలై 8, 2025

ప్రియమైన సుభాకు,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో! ప్రచురణకర్తకు కూడా చదివి వినిపించాను. వానపాముల దగ్గర ఆయన టీ ఒలకబోసుకున్నాడు.

అయితే మూడు పేజీలు చాలా ఎక్కువైంది. నేనే కుదించి ఒక పేజీకి తెచ్చాను. అమ్మ పస్తు, సబ్బు సంగతి తీసేశాను, బడిపిల్లలు చదువుతారు కదా. నీళ్ల పేరా మాత్రం అలాగే ఉంచాను. పుస్తకానికి అదే ప్రాణం. ఒక వాక్యం చదివి తొమ్మిదేళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డ గృహిణి! అంతకంటే రచయితకు ఏం కావాలి?

చివర్లో రాసిన సందేహం పేరా కూడా తీసేశాను, ఉత్తరం ముగింపు బలహీనపడుతోంది. నీ తపేలాకు పట్టే తెల్లటి పొర సున్నం, దానివల్ల ఏమీ కాదు. చింతపండుతో తోమితే పోతుంది.

కుదించిన ప్రతి ఇందులో పెడుతున్నాను. నీ చేతిరాతతో తిరగరాసి, సంతకం చేసి త్వరగా పంపు. అచ్చు మొదలైపోయింది.

ప్రమీల


రొంపిచెర్ల,
జూలై 30, 2025

ప్రమీల వదినగారికి,

నమస్కారాలు. సంతకం చేసి పంపలేదని కోపం తెచ్చుకోకండి. ఫోన్లో చెబుదామంటే మీ తమ్ముడు స్పీకరు పెట్టి, మధ్యలో తానే మాట్లాడతారు. అందుకే రాస్తున్నాను.

నేను తెల్లటి పొర గురించి అడగలేదు. తపేలాకు అంటుకున్నది కంటికి కనిపిస్తుంది. అంటుకోనిదాని గురించి అడిగాను.

మీకు నేను ఒకటి చెప్పలేదు. మీ మొదటి ఉత్తరం రావడానికి వారం ముందు తేజస్విని నరసరావుపేటలో పళ్ల డాక్టరుకు చూపించాం. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఒక చేత్తో బోర్డు మీద రాయడం, ఒక చేత్తో నోరు మూసుకోవడం, పుస్తకం ఎవరు పట్టుకుంటారమ్మా అంది. దాని పళ్ల మీద అడ్డంగా ఉండే గోధుమరంగు చారలు మీకు తెలుసు. సరిగా తోమదని పదేళ్లు తిట్టాను. డాక్టరు చూసి, అవి తోమితే పోయేవి కావన్నారు. పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో పడ్డ మచ్చలట. “చిన్నప్పుడు ఏ నీళ్లు తాగిందమ్మా?” అని అడిగారు. నేను గొప్పగా, “మరిగించిన నీళ్లేనండీ. నాలుగు చెంబులు మూడయ్యేదాకా” అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “అది సరే, ఏ నీళ్లను మరిగించారు?” అన్నారు.

అందుకే మిమ్మల్ని చారు గురించి అడిగాను. మీరు చింతపండు గురించి చెప్పారు.

సరేనని నేనే చూసుకున్నాను. పాత బోరు ఇంకా పనిచేస్తోంది, గిన్నెలు కడగడానికి వాడుతున్నాం. డాక్టరు చెప్పిన ఫ్లోరైడు ఆ నీళ్లలో ఉందేమో చూద్దామని ముందు జమాల్ ప్లాంటుకు వెళ్లాను. అతను నీళ్లలో పెన్నులాంటిది ముంచి చూసి, “పిన్నీ, ఇది ఉప్పులన్నీ కలిపి చెప్పుద్ది. ఫ్లోరైడు ఎంతుందో దీనికి తెలవదు. పేటలో నీళ్లు పరీక్ష చేసే చోటుంది, అక్కడికి పో” అన్నాడు. ఏదైనా తేల్చాలంటే ఒక్కటే మార్చి మిగతావన్నీ మార్చకుండా ఉంచాలని 2009లో మీరే రాశారు. అదే బోరు, అదే తపేలా, అవే గీతలు. ఒకటో సీసాలో పచ్చి నీళ్లు, రెండో సీసాలో అవే నీళ్లు నాలుగుకు మూడు మరిగించినవి. మూడో సీసాలో గురవమ్మత్త చెరువు నీళ్లు కూడా పోశాను. “నా నీళ్లకు పరీచ్చేంది? నీలాగా బో చదువుకున్నయ్యా?” అంటూనే పోసింది.

మొన్న కాగితం ఇచ్చారు. ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదట, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా.

ఒకటో సీసా: 2.4.
రెండో సీసా: 3.1.
మూడో సీసా: 0.4.

నాలుగుకు మూడు చేస్తే లెక్క ప్రకారం 3.2 రావాలి. ఆ తేడా మీరన్న తెల్లటి పొరలో ఉండి ఉంటుంది.

గురవమ్మత్తకు కాగితం చదివి వినిపించాను. “అయితే నాయి పాసయినయ్యంటావ్” అంది. ఆ చెరువు నీళ్లతోనే ఆవిడ రెండో కొడుకు రెండుసార్లు విరేచనాలై ఆస్పత్రిలో పడ్డాడని గుర్తుచేశాను. “వాడి పళ్లు మాత్రం తెల్లగుంటయ్యే” అంది. ఇద్దరం నిజమే చెప్పాం.

మీ వాక్యం ఎర్రగీతతో నా ముందే ఉంది. జమాల్ టిన్ను వెళ్లని ఊళ్లు ఈ జిల్లాలో ఇంకా ఉన్నాయి. ఆ ఊళ్లలో కూడా హైస్కూళ్లు ఉన్నాయి, వాటికి లైబ్రరీలు ఉన్నాయి. ఆ వాక్యం మారుస్తారా వదినా? మార్చాక సంతకం చేస్తాను.

సుభాషిణి


గుంటూరు,
ఆగస్టు 8, 2025

సుభాషిణికి,

నీ ఉత్తరం అందింది.

ముందు సైన్సు చెబుతాను. మీ ప్రాంతంలో భూమి అడుగున ఉన్న రాళ్లలో ఫ్లోరైడు ఉండే ఖనిజాలున్నాయి. వాన నీరు ఆ పగుళ్లలోకి దిగి ఏళ్ల తరబడి నిలవ ఉంటే, టీపొడిలోని రంగు నీళ్లలోకి దిగినట్టు, ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. చెరువు నీరు, కాలువ నీరు ఆ రాళ్లతో అంతకాలం కాపురం చేయవు. అందుకని వాటిలో తక్కువ. మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు ప్రాణమున్నది కాదు, చావదు. నీ చారు ఉదాహరణ సరైనదే. నేను రాసినవాటి కంటే బాగుంది కూడా.

అయితే ఒకటి. నీ కాగితమే చూడు. పచ్చి నీళ్లలోనే 2.4 ఉంది. మరిగించకుండా తాగినా ఆ పిల్ల పళ్లకు చారలు వచ్చేవి. అంటే తప్పులో మూడొంతులు బోరుది. మిగిలిన ఒక్క వంతులో సగం నాదని ఒప్పుకుంటాను. సగం ఎందుకంటే, మరిగించమన్నాను గాని ఇగరబెట్టమని నేనెక్కడా రాయలేదు. అయిదు నిమిషాలు తెర్లితే చాలు అని రాసి ఉండవలసింది, నిజమే. కానీ కషాయం నీ తెలివి.

ఇంకొకటి. నాకు తెలియక ఊరుకున్నానని అనుకోకు. నేను జంతుశాస్త్రం మనిషిని. నీళ్లలో నాకు ప్రాణమున్నవే కనిపించాయి. శీర్షిక వచ్చిన వారానికే కాలేజీలో కెమిస్ట్రీ ఆయన స్టాఫ్ రూములో అందరి ముందూ చెప్పాడు. నేను సవరణ రాసి ఇచ్చాను. శీర్షికలో సవరణ వేస్తే శీర్షిక పరువు పోతుందని ఎడిటరు విడిగా వేశాడు, అదీ ఆలస్యంగా. 2006 సెప్టెంబరు 17, ఆదివారం. అచ్చయింది. నా పని నేను చేశాను. ఆదివారం పేపరు ఒక్కటీ వదలని దానివి కదా, నీ పుస్తకాల్లో చూసుకో.

ఇక పుస్తకం సంగతి. ఆ పేజీలు అచ్చయిపోయాయి. సెప్టెంబరు అయిదుకు పిలుపులు వెళ్లాయి. రెండు వందల నలభై పేజీల్లో అది ఒక్క వాక్యం.

ప్రమీల


రొంపిచెర్ల,
ఆగస్టు 18, 2025

‘ఇంటింటా విజ్ఞానం’ రచయిత్రి గారికి,

మీరు చెప్పినట్టే చూశాను. 2006 సెప్టెంబరు 17 నా రెండో పుస్తకంలో పందొమ్మిదో పేజీలో ఉంది. వానపాముల శీర్షిక. కింద ‘చేశాను’ అని ఉంది. మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు చదివాను. నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు. మీరు ఏదో ఒక తేదీ చెప్పి తప్పించుకున్నారని అనుకున్నాను. పెద్దవారిని అలా అనుకున్నందుకు క్షమించండి. ఒక పూటంతా అలాగే అనుకున్నాను.

మర్నాడు గిన్నెలు తోముతుంటే తట్టింది. శీర్షిక వచ్చేది ఏడో పేజీలో. నేను శీర్షిక మట్టుకు గీత వెంబడి కత్తిరించి, మిగతా పేపరును అల్మారా అరల్లో పరిచేదాన్ని. ఏడో పేజీ వెనక ఎనిమిదో పేజీ ఉంటుంది.

ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. వానపాముల వెనకాల, తిరగబడ్డ అక్షరాల్లో, చిన్న గడి కట్టిన చోట ‘సవరణ’ అన్న మాట కనిపించింది. మిగతాది మైదాలో కూరుకుపోయింది. నా చేత్తో కాచిన మైదా అది, పందొమ్మిదేళ్లయినా ఊడలేదు. లాగితే చిరుగుతుంది. ఏం చేయాలో కాసేపు ఆలోచించి, ఆ పాత తపేలాలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. మరిగాక ఆ పేజీని ఆవిరికి పట్టాను. పావుగంటకు ఒక అంచు లేచింది. కత్తి మొనతో మెల్లగా లేపాను.

నాలుగు లైన్లున్నాయి. ‘సవరణ: నీటిని మరిగించడం గురించి జూన్ 18న ప్రచురించిన సూచన క్రిములకు మాత్రమే వర్తిస్తుంది. బోరు నీటిలోని ఫ్లోరైడ్ మరిగించినా పోదు, నీరు ఇగిరేకొద్దీ సాంద్రత పెరుగుతుంది. పాఠకులు గమనించగలరు.’

గమనించాను. పందొమ్మిదేళ్లు పట్టింది.

ఇన్నేళ్లలో మరిగించిన నీళ్లు మా ఇంటికి నికరంగా చేసిన మేలు ఇదొక్కటే.

మీరు ఒక వంతులో సగం మీదన్నారు. నేను వేరుగా లెక్క వేశాను. జూన్ 18 నుంచి సెప్టెంబరు 17 దాకా పదమూడు వారాలు, అవి మీవి. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నావి. మీరు నా ఇంటికి పంపిన సవరణకు నేనే జిగురు రాసి, గాలి బుడగ లేకుండా అరచేత్తో అదిమి మూసిపెట్టాను. అప్పటికి తేజస్వికి రెండేళ్లు. అందుకని ఆ ఒక్క వంతులో ఎక్కువ భాగం నాదే. ఇందులో మీతో వాదం లేదు.

ఈ సంగతి దానికి చెప్పడానికి నాలుగు రోజులు ఆగాను. బట్టలు మడతపెడుతూ చెప్పాను. నా ముఖం కూడా చూడకుండా, “నాకు తెలుసుగా” అంది.

“ఏంది తెలిసేది?”

“డిగ్రీ రెండో ఏడు కెమిస్ట్రీలో ఉంది. ఆ రోజే అర్థమైంది.”

“మూడేళ్ల నుంచి తెలిసి చెప్పలేదటే!”

“చెప్తే ఏమొచ్చుద్దమ్మా, పళ్లు మళ్లీ మొలుస్తయ్యా? ఎండాకాలం కూడా చెమటలు కక్కుకుంటా పొయ్యి ముందు నిలబడ్డదానివి. అత్తేమో పేపర్లో రాసింది, నాన్నేమో ఊరంతా చెప్పుకున్నాడు. మీ ముగ్గురికీ ఒకేసారి ఎట్టా చెప్పను?”

ఆ మూడేళ్లలో నేను అది పళ్లు సరిగా తోమదని ఎన్నిసార్లు తిట్టానో రాసుకోలేదు. అన్నీ రాసుకునే నేను అదొక్కటీ రాసుకోలేదు.

మీరు వాక్యం ఒక్కటే అన్నారు. ఆ ఒక్కటి మా ఇంట్లో ఎన్ని నోళ్లు మూయించిందో చూడండి. మీరు శీర్షిక పరువు కోసం, నేను మైదాతో, అది మా ముగ్గురి కోసం.

నా కోరిక చిన్నది. ఆ వాక్యం ఉన్న పేజీలోనే, ఆ వాక్యం ఉన్న చోటే, అంతే లావు అక్షరాలతో సవరణ ఉండాలి. వెనక పేజీలో వద్దు. వెనక పేజీ సంగతి నాకు తెలుసు. అది కుదరకపోతే నా ఉత్తరం వేయకండి. గొప్పగా రాయమన్నారు కాబట్టి గొప్పగా రాశాను. ఆ పొయ్యి దగ్గర నిలబడటంలో గొప్పేమీ లేదు.

సుభాషిణి


గుంటూరు,
సెప్టెంబరు 1, 2025

సుభా,

ఒకటి చెప్పాలి. కిందటి ఉత్తరంలో ‘నా పని నేను చేశాను’ అని రాశాను. సవరణ రాసిచ్చాను, నిజమే. కానీ ఆ రోజుల్లో ప్రతి ఆదివారం పొద్దున మీ ఇంటికి ఫోన్ చేసేదాన్ని. తమ్ముడు ఎత్తేవాడు. “అక్కా, నువ్వు రాసినట్టే కాచి తాగుతున్నాం. ఊళ్లో అందరికీ చెప్తున్నా” అనేవాడు. ‘ఒరేయ్, మీ బోరు నీళ్లకు అది పనికిరాదురా’ అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. వచ్చే వారం సవరణ పడుతుందిలే, చదువుకుంటారులే అని పదమూడు ఆదివారాలు అనుకున్నాను. పడ్డాక, చదివే ఉంటారులే అనుకున్నాను. నా మాట ఎప్పుడూ తప్పు కాదని నమ్మే మనిషి నాకు వాడొక్కడే. అది పోగొట్టుకోబుద్ధి కాలేదు.

తేజస్వి ఫొటోలన్నిట్లోనూ చెయ్యి అడ్డం పెట్టుకుంటే, సిగ్గరి పిల్ల అని నలుగురికీ చెప్పేదాన్ని. సిగ్గు ఎవరిదో ఆ చెయ్యికి బాగా తెలుసు.

అందుకని ఆ పదమూడు వారాలు మాత్రమే నా ఖాతాలో వేసి వదిలేయకు. తొమ్మిదేళ్లలో సగం నాకిచ్చెయ్యి.

ప్రచురణకర్తతో మాట్లాడాను. చివర్న తప్పొప్పుల పట్టికలో వేస్తానన్నాడు. తప్పొప్పుల పట్టికను దిద్దినవాడు తప్ప ఎవడూ చదవడని చెప్పాను. ఆ వాక్యం పడ్డ అరవయ్యొకటో పేజీ ఉన్న భాగమంతా మళ్లీ అచ్చు వేస్తున్నారు. గురుపూజకు అందదు. పిలుపులు వెనక్కి తీసుకుని నవంబరు పద్నాలుగుకు, పిల్లల పండక్కి మార్చాం. ఎందుకు మార్చామని అందరూ అడుగుతున్నారు. నిజమే చెబుతున్నాను. మొదటి ఇద్దరికి చెప్పడం కష్టమైంది, మూడో మనిషి నుంచి అలవాటైంది.

నీ మూడు పేజీల ఉత్తరం, సబ్బు, పస్తు, చారు, అన్నీ కలిపి ఒక్క అక్షరం తీయకుండా వేస్తాను. నీకిష్టమైతేనే.

మీ వదిన


రొంపిచెర్ల,
నవంబరు 23, 2025

వదినా,

పుస్తకం అందింది. ముందు అరవయ్యొకటో పేజీ తీశాను. ‘నీరు ఎంత మరిగితే అంత శుద్ధి’ అన్న పాత వాక్యాన్ని తీసేయకుండా, దాని మీద అడ్డగీత గీసి, కిందనే ‘ఇది నేను చేసిన తప్పు’ అని మొదలుపెట్టి రాయడం బాగుంది. అక్షరాలు స్కేలుతో కొలిచాను. పాత వాక్యం కంటే కొంచెం లావుగానే ఉన్నాయి. అంత అడగలేదు.

మీ తమ్ముడికి ఆ పేజీ చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నారు. “మా అక్క ఏం రాసినా సూటిగా రాసుద్ది” అన్నారు. వసారాలోకి వెళ్లి మళ్లీ తిరిగొచ్చి, “అది సరేగాని, జలుబు చేసింది. తాగటానికి నీళ్లు కాచావా? మా అక్క చెప్పినట్టు బాగా మరగనీ” అన్నారు. టిన్ను నీళ్లు గోరువెచ్చగా చేసి ఇచ్చాను. మీ మీద ఆయన నమ్మకం సంగతి మీరు దిగులు పెట్టుకోకండి. దానికి సవరణ పడదు.

గురవమ్మత్త అట్ట మీద మీ ఫొటో చూసి, “ఈమేనా నీచేత నీళ్లు పాకం పట్టించింది?” అంది. “తప్పు ఒప్పుకుంది అత్తా” అన్నాను. “పుస్తకమేసి మరీ ఒప్పుకోవాలా? గోడ మీంచి నన్నడిగితే ఆ రోజే చెప్పేదాన్ని” అంది. చెరువు నీళ్లు కాచి తాగమని ఆవిడకు పందొమ్మిదేళ్లుగా చెబుతున్నాను, ఇప్పటికీ వినలేదు.

తేజస్వి శిక్షణ బడి బొల్లాపల్లి వైపు. అక్కడి పిల్లలు కొందరి పళ్లు దాని పళ్లలాగే ఉన్నాయట. మొన్న ఏడో తరగతికి నీళ్ల పాఠం చెబుతుంటే ముందు బెంచీ పిల్ల ఒకతి లేచి, “టీచర్, నోటికి చెయ్యెందుకు అడ్డం పెట్టుకుంటావ్?” అని అడిగిందట. తేజస్వి మీ పుస్తకం తీసి అరవయ్యొకటో పేజీ చదివిందట. అయినా వాళ్లకు అర్థం కాలేదట. పళ్ల మీద చారలంటే ఎట్టుంటయ్ టీచర్ అన్నారట.

“అప్పుడేం చేశావే?” అన్నాను.

“బోర్డు మీద బొమ్మ వేద్దామనుకున్నా. నాకు బొమ్మలు రావు. చెయ్యి తీసి చూపిచ్చా” అంది.

ఒక్కొక్కళ్లు దగ్గరకొచ్చి చూసి వెళ్లారట. ఆ అడిగిన పిల్ల తన పళ్లు కూడా చూపించిందట. మర్నాడు తొమ్మిది మంది ఇళ్ల నుంచి సీసాలతో బోరు నీళ్లు తెచ్చారు. ఒక్కో సీసా మీద పేరు, ఊరు, తేదీ రాయించిందట. ఎల్లుండి పేటకు పట్టుకెళ్లి పరీక్షకు ఇస్తుంది. సీసాల మూతలు బిగించేటప్పుడు తోడు రమ్మంది, వెళుతున్నాను.

మీరు విడిగా పంపిన అరవయ్యొకటో పేజీ ప్రతిని నా పుస్తకంలో అతికించాను, జూన్ 18 పక్కన. కింద ‘చేశాను’ అని రాయాలా, ‘చేయలేదు’ అని రాయాలా తేలక ఖాళీగా వదిలాను. ఈసారి మైదా పై అంచుకు మాత్రమే రాశాను. ఎత్తి వెనక్కి తిప్పి చూడవచ్చు. ప్రస్తుతానికి వెనకవైపు ఏమీ లేదు. చూశాను.

సుభాషిణి